అవుట్‌బాక్స్‌లో ఆగిన జవాబు

మస్కట్‌లో పనిచేసే మా తమ్ముడు శ్రీశైలం ఎల్లారెడ్డిలో ఇల్లు కట్టించాడు. 2012 మాఘమాసంలో, ఒక శుక్రవారం గృహప్రవేశం. మా ఆవిడ రెండు రోజుల ముందే వెళ్లింది. నేను గురువారం పొద్దున ఏడున్నరకు సికింద్రాబాద్‌లో రైలెక్కాను. బ్యాగులో ఒక జత బట్టలు, కొత్త ల్యాప్‌టాప్. వచ్చేదీ రానిదీ మెయిల్‌లో చెబుతానన్నాడు తమ్ముడు. దాని కోసమే ఆ బరువు.

పదిన్నరకు కామారెడ్డిలో దిగాను. బస్టాండు ఎదుట ఇంటర్నెట్ సెంటర్ కనపడితే దూరాను.

"ఎల్లారెడ్డిల నెట్ దొరుకుతదో లేదో సార్. మెయిళ్లన్నీ మీ ల్యాప్‌టాప్‌లకే దించే ప్రోగ్రాం పెడత. బస్సుల కూసొని చదువొచ్చు, జవాబు రాయొచ్చు" అన్నాడు సెంటరాయన.

నా మెయిల్ అడ్రసు, పాస్‌వర్డు, వచ్చే సర్వరు, పోయే సర్వరు అన్నీ నింపించాడు. 'సర్వర్‌లో ఒక కాపీ ఉంచు' అన్న గడిలో టిక్కు తనే పెట్టాడు. ఈ పని చేసుకునేవారు ఆ టిక్కు మరవకండి. లేకపోతే ఇంటికెళ్లి వేరే కంప్యూటర్లో వెతికితే ఒక్క మెయిలూ ఉండదు. కేబుల్ తగిలించగానే నలభై మెయిళ్లు బిలబిలా దిగాయి. ఆయన ఇంకా ఏదో చెబుతుండగానే ఎల్లారెడ్డి బస్సు కదిలింది. సగం విని పరుగెత్తాను.

కిటికీ పక్క సీటు దొరికింది. లింగంపేట రాకముందే తమ్ముడి మెయిల్ తెరిచాను. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: "అన్నా, నాకు రానీకి అయితలేదు. నువ్వు, వదిన పీటల మీద కూసోండ్రి."

అరికాలి మంట నెత్తికెక్కింది. సొంతింటి గృహప్రవేశానికే రానివాడికి ఇల్లెందుకు? టకటకా కొట్టాను: "మేం కూసోం. అన్నం తిని పోతం. నీకు అన్నకన్నా కొలువే ఎక్కువ. ఇగ నాకు రాయకు."

పక్క సీటులో ఒళ్లో గంప పెట్టుకుని ఉన్న అవ్వ నన్నే చూస్తోంది. "ఏంది సారూ, గంత గట్టిగ కొడుతున్నవ్? పగలదా?"

"మా తమ్మునికి రాస్తున్న అవ్వా."

"తమ్మునికైతే మెల్లగ రాయి."

నవ్వొచ్చింది గానీ కోపం తగ్గలేదు. 'పంపు' నొక్కేశాను.

పన్నెండున్నరకు ఎల్లారెడ్డి. ఇల్లంతా కొత్త సున్నం వాసన. తమ్ముడి భార్య సుజాత పప్పుచారు, వంకాయ కూర వడ్డించింది. "వాడు రాకపోతే ఎట్లమ్మా?" అని గొణిగాను.

"ఎట్లొస్తడు బావా? రెండేండ్లకొక్కపారి లీవు. వానకాలంల మీ ఆపరేషన్‌కు వచ్చిపోయె గద, గప్పుడే అయిపాయె" అంది, నిష్ఠూరమేమీ లేకుండా.

ఆస్పత్రిలో పదిహేను రోజులు నా మంచం పక్కన చాప మీద పడుకున్నాడు వాడు. "ఊకెనే వచ్చిన అన్నా, చూడబుద్ధయింది" అంటే నమ్మాను. ఎంత సిగ్గేసిందో చెప్పలేను. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమంటారు.

చేయి కడుక్కుని, ఏం రాశానో చూసుకుందామని ల్యాప్‌టాప్ తెరిచాను. పక్కన 'అవుట్‌బాక్స్' అనే పేరు, దాని ముందు ఒకటి అంకె. నా జవాబు అక్కడే కూర్చుని ఉంది! సెంటరాయన చెబుతుంటే నేను వినని సగం మాట అదేనన్నమాట: నెట్ తగిలేదాకా ఏదీ పోదు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే చెరిపేశాను.

"ఒక్కలే నవ్వుతున్నరేంది?" అంది మా ఆవిడ. ల్యాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టేశాను.

శుక్రవారం పీటల మీద కూర్చున్నాం. పాలు పొంగాయి. భోజనాలయ్యాక మా ఆవిడను రెండు రోజులు అక్కడే ఉంచి, మూడు గంటల బస్సెక్కాను. దారంతా కొత్త జవాబు రాశాను, మెల్లగా: "తమ్మీ, పాలు పొంగినయి. నీ జాగల కూసున్న. ఈపారి లీవు దొరికితే, నాకేం రోగమొచ్చినా నా దగ్గరికి రాకు. నీ ఇంట్ల నువ్వు పండుకో."

కామారెడ్డిలో అదే సెంటర్లో కేబుల్ తగిలించి, అవుట్‌బాక్స్ అంకె పోయేదాకా చూశాను. రైలుకు ఇంకా గంట ఉంది. టీ చెప్పుకుని కూర్చున్నాను. రెండు రోజుల తిరుగుడులో నాకు బాగా నచ్చింది ఆ నెట్ దొరకని దారే. శుక్రవారం మస్కట్‌లో తమ్ముడికి వారపు సెలవు. లేవబోయే ముందు ఇంకోసారి మెయిళ్లు దించితే ఒక్కటే వచ్చింది.

"సరే అన్నా. గని నువ్వు రోగం తెచ్చుకోకు."