స్నానం పాఠానికి ఉద్దేశం

మా మనవరాలు కర్నూలులో టీచరు. మొన్న సెలవుకు వచ్చి కూడా కంప్యూటరు ముందేసుకొని, పొద్దుగూకేదాకా తల పట్టుకొని కూర్చుంది. ఏమిటే అని అడిగితే, "పాఠానికి అభ్యసన ఫలితాలు రాయాల జేజీ. పిల్లోళ్లు ఏం నేర్చుకున్నారో కొలిచేటట్టు ఉండాలంట. రాసిందల్లా వెనక్కి పంపిస్తాండారు" అంది. నాకు ఒళ్లు మండింది. దాని మీద కాదు, ఈ రోగం ఇంకా నయం కానందుకు.

యాభైలలో నేను కడపలో టీచరు ట్రైనింగు చదివేటప్పుడు, పాఠాలు చెప్పి చూపించడానికి కమలాపురం దగ్గర ఒక పల్లెకు వేశారు. ప్రతి పాఠానికీ ముందు నోట్సు రాయాలి. అందులో మొదటి గడి 'ఉద్దేశము'. అది దిద్దే అయ్యవారు నలగని ఖద్దరు చొక్కా, ఎర్ర సిరా కలం ఉన్న మనిషి. నవ్వు మాత్రం లేదు. ఆయన పాసు చేయకపోతే చదువు మాన్పించి ఇంట్లో కూర్చోబెడతానని మా పెదనాయన ముందే చెప్పి ఉంచాడు. నాకు వచ్చిన పాఠం శరీర శుభ్రత. 'స్నానము వలన లాభములు పిల్లలు తెలిసికొందురు' అని రాశాను. కొట్టేశారు. 'శుభ్రతయందు ఆసక్తి కలుగును' అన్నాను. అదీ కొట్టేశారు. "తెలుసుకున్నారని నీకెట్ల తెలుస్తాదమ్మా? కంటికి కనపడేది రాయి" అన్నారు. ఆ కలం లాక్కొని విరిచేయాలనిపించింది. ఆ కోపంలోనే బరికాను: 'మరునాడు పిల్లలందరూ తలస్నానము చేసి వచ్చెదరు.' "ఇదీ ఉద్దేశమంటే!" అని ఆయన మొదటిసారి పళ్లు చూపించారు. తానే వచ్చి చూసి మార్కులు వేస్తానన్నారు.

అవి ఎండలు ముదిరిన రోజులు. ఊరి బావి అడుగంటింది. ఆడవాళ్లు ఏటి ఇసుకలో చెలమ తోడి, ఊరిన నీళ్లు చిప్పతో కడవకెత్తుకొనేవాళ్లు. రోజూ నేను చూస్తున్నదే. నోట్సులో మాత్రం చెలమకు గడి ఏదీ?

పాఠం చెప్పి, రేపు తలస్నానం చేసే రావాలని గట్టిగా చెప్పి పంపాను. మరునాడు పిల్లలంతా నున్నగా దువ్వుకొని, చెవుల వెనక సీకాయ పిప్పితో సహా వచ్చి కూర్చున్నారు. అయ్యవారు వరసంతా తిరిగి తలలు తడిమి చూసి, 'ఉద్దేశము నెరవేరినది' అని సంతకం పెట్టారు. నా ప్రాణం కుదుటపడింది. అప్పుడాయనకు దాహం వేసింది. చెంబిచ్చి ఒక పిల్లను పంపాను. అది వీధంతా తిరిగి ఖాళీ చెంబుతో వచ్చింది, వెనకాలే వాళ్లమ్మ.

"ఏం టీచరమ్మా, బిడ్డలు ఏడ్చి ఏడ్చి తలకు పోయించుకొన్యారు. సంగటికి పెట్టుకొన్న నీళ్లు గూడా పాయె. ఇంగ సారుకు యాడ తెచ్చేది? చెలమలో ఊరేదాకా కూచోమను."

అయ్యవారు కూర్చోలేదు. పెదవులు తడుపుకుంటూ బస్సుకు నడిచారు. ఆ పూట ఆ వీధిలో పొయ్యి వెలగలేదు. పిల్లలు మధ్యాహ్నం ఉత్త కడుపులతో, శుభ్రమైన తలలతో మళ్లీ బడికొచ్చారు. నేను పాసయ్యాను. మరుసటి ఏడు కొత్తవాళ్లకు ఉద్దేశం ఎట్లా రాయాలో చూపడానికి నా నోట్సే మాదిరిగా తిప్పారని విని, నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఇదంతా విని మనవరాలు, "అయితే నన్నేం రాయమంటావు జేజీ?" అంది.

"ముందు నీ బడి పిల్లోళ్ల ఇండ్లల్లో నీళ్లుండాయో లేదో చూసి రాయి" అన్నాను.

"దానికి ఇందులో గడి లేదు" అంది.

ఇన్నేళ్లలో ఎర్ర సిరా పోయింది, ఆ ఊరికి కుళాయిలు కూడా వచ్చాయి. అన్నిటినీ మార్చుకుంటూ వచ్చిన కాలానికి, ఆ ఒక్క గడి గీయడానికి మాత్రం తీరిక దొరకలేదు.