వడ్ల బస్తాలకు ఏసీ

మా పొరుగింటి గణపతి మామకు కంపెనీ చెప్పిన లెక్క అంటే ఒళ్లు మంట. ఆయన కరెంటు కారు ఒకసారి నిండా చార్జి చేస్తే మూడు వందల కిలోమీటర్లు పోతుందని కాగితంలో రాశారు. మా సిరోంచ రోడ్ల మీద రెండు వందలు దాటలేదు. అప్పటినుంచి కారెక్కే ప్రతి మనిషినీ వడ్లు తూచే కాంటా మీద నిలబెట్టి, బరువును గోడ మీద బొగ్గుతో రాయడం మొదలుపెట్టాడు.

మా అమ్మ కనకవ్వ ఎక్కితే ఎనభై రెండు కిలోలు. ఊరంతా వినేలా చదివాడు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు.

"కంపెనోళ్లు అబద్ధం రాసిండ్రంటవా మామా?" అని అడిగాను.

"అబద్ధం గాదు సోమూ. వాళ్లు మంచి రోడ్డు మీద తోలి చూసిండ్రు. మన గుంతలల్ల తోలిండ్రా? మీ అమ్మను ఎక్కించుకున్నరా?"

దానికి తోడు పిసినారి. బ్యాటరీని అరవై శాతం కిందికి దిగనివ్వడు. మా వాడకట్టు ఆశన్న ఓసారి బస్టాండు దాకా దింపమన్నాడు.

"సరిగ్గా అరవై ఉన్నది. నడువు."

"కిలోమీటరు గూడ లేదు గదా మామా!"

"గందుకే నడువుమంటున్న."

ఏప్రిల్‌లో పిచ్చి ముదిరింది. నన్నూ, కడుపుతో ఉన్న నా భార్య భాగ్యనూ కాంటా ఎక్కించాడు. అమ్మతో కలిపి రెండు వందల కిలోలు తేలాం. మరునాడు నలభై కిలోల వడ్ల బస్తాలు అయిదు కార్లో వేసుకొని, అద్దాలు బిగించి, ఏసీ పెట్టి, వంద కిలోమీటర్ల పైన ఉన్న అహేరికి పోయాడు. ఒక్క గింజ అమ్మకుండా, అక్కడే కారు చార్జి చేసుకొని, మళ్లీ ఇంటికి తెచ్చాడు. తన కోసం ఎండాకాలంలో కూడా ఏసీ పెట్టుకోని మనిషి!

"వడ్లకు ఉక్కపోసిందా మామా?" అని ఊరు ఊరే నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది నేనే.

మే నెలలో ఒక మధ్యాహ్నం భాగ్యకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది, ఆపరేషన్ కోసం వెంటనే అహేరి ఆసుపత్రికి తీసుకుపొమ్మంది మా ఊరి డాక్టరమ్మ. అంబులెన్సు ఇంకో కేసు మీద పోయింది. వేరే బండి చూద్దామని బయటికి వచ్చేసరికి గణపతి మామ కారు గుమ్మం ముందుంది. లోపల ఏసీ నడుస్తోంది.

"ఏసీ బంద్ చెయ్యి మామా! నడిమిట్ల ఆగితే ఎట్ల?"

"ఆగది. ఏసీ లెక్కల ఉన్నది. అయిదు బస్తాలతోని పోతే యాభై ఏడు శాతం పట్టింది. అహేరి కోసమే ఎప్పుడు అరవై ఉంచుత. పరేషాన్ గాకు, ఎక్కు."

భాగ్య తలను ఒడిలో పెట్టుకున్న అమ్మ కన్నీళ్లు తుడుచుకుంటూ అడిగింది.

"ఇప్పుడు బస్తాల ముచ్చటేంది అన్నా?"

"అండ్ల రెండు బస్తాలు నువ్వే, కనకవ్వా."

అంత నొప్పిలోనూ భాగ్య ఫక్కున నవ్వింది.

అహేరి ఆసుపత్రి గేటు దగ్గర మూడు శాతం మిగిలింది. ఆపరేషన్ చేసి ఆడపిల్లను తీశారు. తల్లీబిడ్డా క్షేమం. నేను మామ చేతులు పట్టుకొని ఏడ్చేశాను.

"ఏడుసుడు తర్వాత. బిడ్డ ఎన్ని కిలోలున్నదో అడుగుపో" అన్నాడు.

నిన్న మా వీధి చివరి యాదక్క కోడలు నవత కాంటా ఎక్కింది. ఆమెకు ఏడో నెల. ఇవాళ పొద్దున మామ మళ్లీ వడ్ల బస్తాలు బయటికి తీస్తే ఎవరూ నవ్వలేదు. ఆశన్నే పరుగెత్తుకొచ్చి, వాటిని మోసి కార్లో పెట్టి, తలుపు జాగ్రత్తగా వేశాడు.

"పైలం మామా. ఏసీ పెట్టుడు మర్చిపోకు!"