పన్నెండు ‘గ’లు, ఒక గడప

నాకు యాభై రెండేళ్లు వచ్చేదాకా చేతుల తడి ఆరలేదు. రాయడం ఎందుకు రాలేదని ఎవరైనా అడిగితే ఇదే చెబుతాను. చిన్నప్పుడు నాటు మళ్లు, పెళ్లయ్యాక ఎర్రమంజిల్ క్వార్టర్లలో నాలుగిళ్ల వంట, ఆ తర్వాత అమీర్‌పేటలో ఆడపిల్లల హాస్టల్ వంటగది. తడి చేత్తో పలక పట్టుకుంటే అక్షరం నిలవదు.

ఇంకో కారణం కూడా ఉంది. అది కాస్త గర్వంగా చెప్పుకునేది. నాకు అక్షరాల అవసరం పడలేదు. మా వైపు భార్య భర్త పేరు పలకదు. పెళ్లినాడు అత్తగారి గడప దగ్గర మాత్రం ఆడబిడ్డ అడ్డం నిలబడి, పేరు చెబితేనే లోపలికి రానిస్తుంది. ఊరికే చెబితే కుదరదు, ప్రాస కలిపి చెప్పాలి. అలాంటి మాటలు కట్టివ్వడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. మా బస్తీలో చాలామంది పెళ్లికూతుళ్లు నా మాటలతోనే గడప దాటారు. అవన్నీ నా తలలోనే ఉండేవి. మొదటి మాట అందితే చాలు, తాడు లాగితే చేద పైకి వచ్చినట్టు మిగతాది వచ్చేది.

నాకు అక్షరాలు నేర్పింది మూడో అంతస్తు అమ్మాయి. గుంటూరు వైపు నుంచి వచ్చి తెలుగు టీచరు పరీక్షకు చదువుతుండేది. అమీర్‌పేటకు అందరూ కంప్యూటర్ కోర్సుల కోసం వస్తే ఈమె ఛందస్సు పుస్తకం చంకలో పెట్టుకుని తిరిగేది. పొద్దున టిఫిన్లు అయ్యాక భోజనాల బల్ల తుడిచి నాచేత గుణింతాలు దిద్దించేది. నేను దిద్దుతుంటే తను పక్కన కూర్చుని అలంకారాలు బట్టీ పట్టేది. ఒకే హల్లు మళ్లీ మళ్లీ వస్తే వృత్త్యనుప్రాస, పాదాల చివర ఒకే తీరు వస్తే అంత్యానుప్రాస. ఆ పేర్లు నేనెన్నడూ వినలేదు. కానీ ఉదాహరణ కావాలంటే ఉల్లిగడ్డలు తరుగుతూనే చెప్పేదాన్ని. ఒకరోజు ఆ పిల్ల పెన్ను కింద పెట్టి నన్నే చూసింది.

“ఆంటీ, ముప్పై ఏళ్లుగా మీరు చేస్తున్నది ఇదేనండీ.”

ముప్పై ఏళ్లుగా నేను సాంబారు చేస్తున్నానని మాత్రమే అనుకున్నాను.

కొన్నాళ్లకు ఆమెకు బల్కంపేట అబ్బాయితో పెళ్లి కుదిరింది. ఇద్దరూ ఇష్టపడ్డదే. పెద్దవాళ్లు కూడా ఒప్పుకున్నారు. చిక్కల్లా పెళ్లికొడుకు అక్కతో. ఆంధ్ర పిల్లకు మన పద్ధతులు ఏం తెలుస్తాయని నిశ్చితార్థంలో నలుగురిలో అనేసిందట. ఆ పిల్ల వంటగదిలోకి వచ్చి నా పక్కనే పీట మీద కూర్చుంది. గడప మీద తడబడితే ఆవిడ ఆ మాట జీవితాంతం అంటూనే ఉంటుందని దాని భయం. మీరే రాసివ్వాలి అంది.

అందరూ చెప్పివ్వమంటారు. రాసివ్వమన్నది ఈమె ఒక్కతే. అందుకని మొదటిసారి పెన్ను పట్టుకుని మాట కట్టడానికి కూర్చున్నాను.

పెళ్లికొడుకు పేరు ‘గ’తో మొదలవుతుంది. అక్షరాలన్నిటిలో నా చేతికి బాగా లొంగింది కూడా ‘గ’నే. ఒక ఒంపు తిప్పి పైన తలకట్టు పెడితే అయిపోతుంది. ‘ఝ’ రాయమంటే ఇప్పటికీ నాకు చెమటలు పడతాయి. ఇంక ఆగలేదు. గుడిలో గంట గణగణ, గుర్రం గజ్జె గలగల, గుమ్మం గడప గడగడ, గట్టి గుండె గలవాడు. లెక్కపెడితే మాటల మొదట్లోనే పన్నెండు ‘గ’లు. కాగితం నిండా ఒకే ఒంపు వరసగా కనిపిస్తుంటే చుక్క తప్పని ముగ్గు వేసినట్టు మురిసిపోయాను.

మాతో కూరగాయలు తరిగే, మేమంతా ఆపా అని పిలిచే ఆవిడకు చదివి వినిపించాను. ఆమె ఇంట్లో ఉర్దూ, వంటగదిలో మా తెలుగు. చాకు ఆపి, మళ్లీ చదవమంది. చదివాను.

“జర ఆగక్కా. గిది పెండ్లి మాట లెక్క లేదు. పోలీసోళ్లొచ్చి తలుపు కొట్టినట్టున్నది.”

నాకు కోపం వచ్చింది. రాసినదాంట్లో తప్పేముంది, గుడి ఉంది, గంట ఉంది, గజ్జె ఉంది, అన్నీ మంగళమే కదా అన్నాను. మంగళమే గాని చెవిలోకి గ్రైండర్లో రాళ్లు ఏసినట్టు పోతున్నదంది. బీరకాయ చెక్కు తీస్తూ ఆ పన్నెండు ‘గ’లనూ నోట్లోనే తిప్పుకున్నాను. ఆపా చెప్పింది నిజమే. మాట పెళ్లి గురించి, చప్పుడు దెబ్బలాట గురించి. విన్నవాళ్లు చప్పుడునే నమ్ముతారు. నోటితో కట్టినన్నాళ్లూ చెవి నాకు కాపలా ఉండేది. కాగితం మీదికి రాగానే కంటి మాట విన్నాను.

కాగితం బోర్లించి, నోటితోనే మళ్లీ మొదలుపెట్టాను. ‘గ’లు మొదటి వరసకే చాలనుకున్నాను, గుమ్మానికి అటొకటి ఇటొకటి ఏనుగు బొమ్మలు ఉన్నట్టు. మిగతా అంతా మెత్తని మాటలు. చివర ప్రాస. నాకు తెలిసినంతలో ప్రాస చేసే పని ఒకటే, రాబోయే మాటకు ముందే పీట వేసి ఉంచడం. పీట చూసినవాళ్లకు ఎవరో వస్తున్నారని తెలుస్తుంది. వచ్చేదాకా ఎదురుచూస్తారు. మొత్తం నోటికి వచ్చాకనే కాగితం తిప్పి రాశాను.

*గడప మీద పసుపు చాయ, గుమ్మానికి మామిడాకు,*
*... పేరు చెబుతున్నా, దారివ్వు వదినా నాకు.*

చుక్కలు ఉన్నచోట పేరు. అది ఆమె చెప్పుకోవాల్సింది, నేను ఇక్కడ రాయను.

పంజాగుట్టలో ఫంక్షన్ హాల్లో పొద్దున్నే పెళ్లయింది. భోజనాలయ్యాక బల్కంపేటకు బయల్దేరాం. పిల్లకు తోడుగా నేనూ కారెక్కాను. కారులో ఆ చీటీని ఎన్నిసార్లు మడిచి ఎన్నిసార్లు విప్పిందో. గడప దగ్గర పెళ్లికొడుకు అక్క రెండు చేతులూ చాపి నిలబడింది. వెనకాల మేనత్తలు, చిన్నమ్మలు. ఆమె చూపు ముందు చీటీ మీద పడింది.

“చీటీ సూసి సదివితే లెక్కల రాదు. అయినా ఆవకాయ తిన్న నోరు, పేరు సుత కారంగనే వస్తదేమో.”

అందరూ నవ్వారు. పిల్ల చీటీ తెచ్చి నా చేతిలో పెట్టి మళ్లీ గడప ముందు నిలబడింది. మామిడాకు దాకా బాగానే చెప్పింది. పేరు దగ్గర గొంతు సన్నబడింది, అయినా చెప్పింది. “దారివ్వు వదినా...” అని ఆగిపోయింది. అంతమందిలో మొగుడి పేరు పలికిన సిగ్గుకు ముఖం కందిపోయి, చివరి మాట ఎగిరిపోయింది.

నా చేతిలో చీటీ ఉంది. నోరు మాత్రం విప్పకూడదు. అది పద్ధతి. అక్కడున్న ఆడవాళ్లందరి చెవులూ మామిడాకు దగ్గరే వేలాడుతున్నాయని ముఖాల్లో కనిపించింది. అందరికన్నా ముందు ఓర్చుకోలేకపోయింది ఆ అక్కే.

“నాకు,” అంది.

అన్నాక గాని, అన్నది తనేనని ఆమెకు తెలియలేదు. మేనత్తలు పగలబడి నవ్వారు. ఆమె ఒక్క క్షణం బిగుసుకుని, తర్వాత తనూ నవ్వేసి చేతులు దించింది.

“ఇగ రా. నా నోటితోనే చెప్పించినవు గదా.”

పిల్ల కుడికాలు పెట్టి లోపలికి వెళ్లింది. వెళ్తూ వెనక్కి తిరిగి నన్ను చూసింది.

మర్నాడు పొద్దున హాస్టల్లో ఉప్మా. ఉప్మా రోజున మా పిల్లలు టిఫిన్ల బోర్డు చూసి వెనక్కి తిరిగి, మెట్రో పిల్లర్ కింద దోసెల బండికి పోతారు. ఆ బోర్డు ఎప్పుడూ వార్డెనమ్మే రాస్తుంది. ఆ రోజు నేను చెయ్యి పొడిగా తుడుచుకుని, ముందు ఆపా చెవిలో చెప్పి, ఆమె తల ఊపాక సుద్దముక్క తీసుకుని రాశాను: ఉడుకుడుకు ఉప్మా, వద్దనకు అమ్మా.

మొదట వచ్చిన పిల్ల దాన్ని పైకి రెండుసార్లు చదువుకుని, పళ్లెం తీసుకుంది.