గిర్నిలో నరహరి మామ

మా వీధి నరహరి మామ టీవీ గొంతు పూర్తిగా తగ్గించి వార్తలు చూస్తాడు. తాను మాత్రం అన్నంలోకి ఉప్పు అడిగినా వీధి చివరిదాకా వినబడేలా అడుగుతాడు. బొంబాయి దగ్గర భివండిలో ఇరవై ఏళ్లు సాంచెలు నడిపిన మనిషి. మరమగ్గాలను మావాళ్లు సాంచెలంటారు. ఆ షెడ్డులో చెవి దగ్గర నోరు పెట్టి అరిచినా ఏమీ వినబడదట. అందుకే పనివాళ్లు ఎదుటివాడి పెదవులు చూసి మాట తెలుసుకోవడం నేర్చుకుంటారు.

అక్కడి యజమాని సేటు పాత సాంచెలు అమ్మేయడంతో మామ నిరుడు సిద్దిపేటలో భార్య బాలలక్ష్మి అత్త దగ్గరికి వచ్చేశాడు. ఈ మధ్య సేటు మళ్లీ ఫోన్ చేశాడు. కొత్త సాంచెలు వచ్చాయి, వస్తావో రావో ఆదివారంలోగా చెప్పమన్నాడు. ఇక్కడ కుదురుగా ఒక పని దొరికితే ఉండిపోవాలి, లేదంటే భివండి బస్సెక్కాలి. అత్తను మామ ఎన్నిసార్లు అడిగినా “నీ ఇష్టం” అనే మాట తప్ప ఇంకో మాట రాలేదు.

అప్పటికే రెండు పనులు పోయాయి. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌గా చేరితే ఆ నిశ్శబ్దానికి పట్టపగలే నిద్ర ముంచుకొచ్చింది. చీరల దుకాణంలో చేరి, “రాండమ్మా, కూసోండి!” అని మర్యాదగా పిలిస్తే, లోపలేదో కొట్లాట జరుగుతోందనుకుని ఆడవాళ్లు మెట్ల మీదనుంచే వెనక్కి తిరిగారు.

మామ కూతురు హర్షిణి హైదరాబాద్‌లో ఉద్యోగాలకు వచ్చేవాళ్లను ఇంటర్వ్యూ చేస్తుంది. సెలవుకు వచ్చినప్పుడు తండ్రిని కుర్చీలో కూర్చోబెట్టింది.

“బాపూ, నెక్స్ట్ జాబ్‌ల నీకేం కావాలె?”

“జీతం.”

“సరే. అది కాక?”

“టైమ్‌కు జీతం.”

“గది కాదు బాపూ! పని ఎట్లుండాలె, సుట్టు ఎట్లాంటోళ్లుండాలె, గవి చెప్పు.”

“గవన్ని ఎవలడుగుతరు బిడ్డా? సేటు ఎన్నడన్న అడిగిండా?”

“ఇప్పుడు నేను అడుగుతున్న గద!”

“నాకు చప్పుడు గావాలె,” అన్నాడు మామ.

చప్పుడంటే మా వీధి మలుపులో పోశయ్య పిండి గిర్ని ఉంది. పోశయ్యకు మనిషి కావాలి. మామ అక్కడ చేరిన రోజు పుట్టింటికి వచ్చిన ఆడపిల్లలా వెలిగిపోయాడు.

అయితే గిర్ని దగ్గర ఒక పద్ధతుంది. పిండి పట్టేదాకా ఆడవాళ్లు డబ్బాల పక్కన నిలబడి, ఇంట్లో చెప్పుకోలేనివన్నీ చెప్పుకుంటారు. ఆ మోతలో పక్కమనిషికి తప్ప ఎవరికీ వినబడదని ధైర్యం. ఒకరోజు చంద్రవ్వ తన చెల్లెలితో, కోడలు ముంతెడు నెయ్యి తల్లిగారింటికి పంపిందని చెబుతోంది. గిర్ని అవతలి పక్కనుంచి మామ అందుకున్నాడు.

“కోడలు తోలియ్యలే చంద్రవ్వా! నీ బిడ్డనే తీస్కపోయిందట! నిన్న నీ కోడలు గీడనే నిలవడి చెప్పింది!”

మరునాడు ఆడవాళ్లంతా పోశయ్య మీద పడ్డారు. “గీ మనిషిని తీసేస్తవా, మమ్ముల వేరే గిర్నికి పొమ్మంటవా?”

పోశయ్య మామకు దండం పెట్టాడు. “నరహరీ, నీ కండ్లు పిండి మీద పెట్టు. ఆడోళ్ల మూతుల మీద కాదు.”

అప్పటినుంచి గిర్నికి వచ్చిన ప్రతి ఆడమనిషీ నోటికి కొంగు అడ్డం పెట్టుకునే మాట్లాడింది. మామ ముఖం వాడిపోయింది. నేను గోధుమలు పట్టించడానికి వెళ్తే, “చప్పుడున్నది పిల్లా, ముచ్చట లేదు,” అన్నాడు. “గింతకన్న భివండే నయం. ఆడ ముచ్చట దొరకదని ముందుగాల్నే తెలుసు. రేపు సేటుకు ఫోన్ కొట్టి వస్తున్ననని చెప్త.”

అంతలో బాలలక్ష్మి అత్త ఎండుమిరపకాయల సంచితో వచ్చింది. అవి గిర్నిలో పడగానే ఘాటు లేచింది. తుమ్ములు మొదలయ్యాయి. అందరి కొంగులూ ఇంకా బిగుసుకున్నాయి. నా పక్కనే ఉన్న చంద్రవ్వ కొంగు చాటునుంచి అత్త చెవిలో అరిచింది. “మీ ఆయన మళ్ల భివండి పోతుండట గదనే?”

అత్త నోటి మీది కొంగు తీసేసింది. ముక్కు తుడుచుకుని, మామ ముఖానికి ఎదురుగా తిరిగింది. జవాబు చంద్రవ్వకే, కానీ పసిపిల్లలకు అక్షరాలు నేర్పినట్టు ఒక్కొక్క మాటా విప్పి చెప్పింది.

“పోతె పోనీ అక్కా, నాకేంది? గని యాడాది సంది ఇద్దరికి వండుడు అలవాటయింది. ఒక్కదాన్నే తినుడు మర్శిపోయిన. గీ మనిషి గట్టిగ ఒర్రకుంటె నాకు ఇల్లు ఇల్లు లెక్క అనిపిస్తలేదు.”

“గది ఇంట్ల చెప్పరాదే!”

“ఇంట్ల చెప్తె నెత్తికెక్కుతడు.”

మామ చేయి ఆగిపోయింది. కారం డబ్బా నిండి కిందికి పొర్లుతోంది. పోశయ్య అరుస్తున్నా పట్టించుకోకుండా మామ గిర్ని బంద్ చేశాడు. వీధంతా ఒక్కసారిగా సద్దుమణిగింది.

“ఎక్కనే!” అని అరిచాడు. “నీ నెత్తికెక్క!”

ఆడవాళ్లు నవ్వారు, నవ్వుతూ తుమ్మారు, తుమ్ముతూ మళ్లీ నవ్వారు. మామ అక్కడే సేటుకు ఫోన్ కలిపాడు.

“సేట్! మై నై ఆతా!”

జీతం పెంచుతానన్నాడేమో సేటు, మామ తల అడ్డంగా ఊపాడు. ఫోన్‌లో తల ఊపితే కనబడదని గుర్తొచ్చి, “పైసా నై సేట్! ఇదర్ మేరేకు ముచ్చట హై!” అన్నాడు. సేటుకు ఏం అర్థమైందో తెలియదు.

ఆ తర్వాత చంద్రవ్వ కొంగు దోపుకుని ముందుకొచ్చింది. “ఉంటె ఉండు నరహరీ. గని మా ముచ్చట సూత్తె సూడు, నడుమల జవాబియ్యకు.”

మామ బేరం పెట్టాడు. “ఒక్కొక్కపారి?”

“పండుగలకు,” అంది చంద్రవ్వ.

పోశయ్య గిర్ని మళ్లీ మొదలుపెట్టాడు.