స్వాగత ద్వారం ఎక్కిన మడ అడవి

ఒక కంపెనీ పరువు, ఒక పెళ్ళి సంబంధం, ఒక చిన్న అడవి... ఈ మూడింటినీ ఒక్క ఫోను కాల్‌తో ముంచిన మహానుభావుణ్ణి మీరెప్పుడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నేనే. దిష్టి పెట్టకుండా చదవండి.

సెల్‌ఫోన్లు కొత్తగా వచ్చిన రోజులు. దివిసీమలో ఓ రొయ్యల ఎగుమతి కంపెనీలో పర్యావరణ అధికారిగా ఉండేవాణ్ణి. అధికారం పేరులోనే, ఉద్యోగం మాత్రం టెంపరరీ. పర్యావరణం గురించి నాకు తెలిసిందల్లా మా పెదపారుపూడి వరిచేలలాగా పచ్చగా ఉండాలని, అంతే.

మా ఎండీ గారికి కంపెనీని ప్రకృతిని కాపాడే ఓ అంతర్జాతీయ ఒప్పందంలో చేర్చాలని పట్టుదల. చేరితే ఐరోపాలో మన రొయ్యకి తిరుగుండదు. అందుకని ఉప్పుటేరు ఒడ్డున మడ మొక్కలు నాటించి, చుట్టూ దడి కట్టించి, పసిపిల్లల్ని సాకినట్టు సాకాం. మనిషెత్తు పెరిగాయి. వాటిని చూసి సంతకం పెట్టడానికి ఐరోపా నుంచి ఓ మేడమ్ వస్తోంది.

"ఆవిడ సరేనంటే నిన్ను పర్మినెంట్ చేస్తానయ్యా," అన్నారు ఎండీ గారు.

ఉయ్యూరులో నాకు పిల్లనిస్తామన్న వాళ్ళు కూడా ఆ మాట కోసమే కాచుకుని ఉన్నారు. ఇక నా హడావుడి చూడాలి! మన వైపు ఇంటికి పెద్దమనిషి వస్తే పందిరి, పచ్చతోరణాలు లేకుండా ఉంటామా? అవనిగడ్డ నుంచి పందిళ్ళు వేసే సింహాద్రిని పిలిపించాను. వరసేమీ లేకపోయినా నాకు బావ.

నేను బందరులో పూలదండలు బేరమాడుతుంటే ఫోను మోగింది. అవతల సింహాద్రి.

"బాబుగారూ, కొబ్బరాకు సరిపోయింది గానీ స్వాగత ద్వారానికి మామిడాకు చాల్లేదండీ. ఇక్కడ దడి లోపల ఏవో మొక్కలున్నాయి, కోసెయ్యమంటారా?"

"అబ్బా, బావా! ప్రతిదీ నన్నడగాలా? పచ్చగా ఉంటే చాలు, కోసి కట్టెయ్!" అని, దండలవాడితో, "మూరకి ఎంతన్నావ్?" అన్నాను.

మర్నాడు మేడమ్ దిగింది. స్వాగత ద్వారం చూసి ఆవిడా, ఆవిణ్ణి చూసి నేనూ మురిసిపోయాం. ఆవిడ ఫోటోలు తీసుకుంటుంటే నాకొచ్చిన ఇంగ్లీషంతా ఊడ్చి, "చూడండి మేడమ్, ప్లాస్టిక్ లేదు, థర్మోకోల్ లేదు, అంతా ఇక్కడిదే!" అన్నాను. ఎండీ గారు నా భుజం తట్టారు. ఆ క్షణంలో ఉయ్యూరు కల్యాణమండపంలో సన్నాయి నాకు స్పష్టంగా వినిపించింది.

తర్వాత అందరం మడ మొక్కల దగ్గరికి నడిచాం. దడి ఉంది. 'మడ అడవుల రక్షణ క్షేత్రం' అన్న బోర్డు ఉంది. లోపల మాత్రం మోకాలెత్తు మోళ్ళు! నా గుండె జారి బురదలో పడింది.

"ఏమయ్యాయయ్యా?" ఎండీ గారు పళ్ళు కొరుకుతూ అడిగారు.

"మేకలు... మేకలు తినేసినట్టున్నాయి సార్."

"మేకలు కత్తి పెట్టి కోసుకు తింటాయట్రా?"

వెనకాల నుంచి సింహాద్రి, మెప్పు దక్కుతుందన్న ఆశతో, "ఒక్క కొమ్మ కూడా వేస్టు చెయ్యలేదండీ, మొత్తం ద్వారానికే వాడేశాం. బాబుగారు చెప్పారు!" అన్నాడు. ఓరి నీ విశ్వాసం మండా!

మేడమ్ గబగబా వెనక్కి వెళ్ళి, ద్వారం నుంచి ఓ ఆకు తుంపి నాలికకి ఆనించింది. ఉప్పునీళ్ళలో పెరిగే మడ ఆకు కదా, ఉప్పగా తగిలినట్టుంది. కాసేపు పైకి చూసి, ఇంగ్లీషులో మెల్లగా ఓ మాట అంది. దానికి మన తెలుగు ఇదీ: "మీ అడవిని చూడటానికి ఇంత దూరం వచ్చాను. దాని కింద నుంచే నడిచొచ్చానన్నమాట."

సంతకం లేదు. కారు వెళ్ళిపోయింది. ఎండీ గారు నన్ను తిట్టలేదు. ఆ మోళ్ళ వైపు చెయ్యి చూపించి, "ఇవి మళ్ళీ మనిషెత్తు పెరగనీ, నీ పర్మినెంట్ సంగతి అప్పుడు చూద్దాం," అన్నారు.

ఆ వారంలోనే ఉయ్యూరు నుంచి కాబోయే మావగారు ఫోన్ చేశారు.

"ఏం బాబూ, పర్మినెంట్ ఎప్పుడవుతుంది?"

"చిగుళ్ళు వేస్తున్నాయండీ," అన్నాను.

ఆయన మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

అప్పుడే ఆ మోళ్ళ మధ్య నిలబడి, ఉప్పుటేరు సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట నా గుమ్మంలోకి కలెక్టరొచ్చినా, సాక్షాత్తూ దేవుడే దిగొచ్చినా, రెండు చేతులూ జోడించి నమస్కారం పెడతాను గానీ, పందిరి మాత్రం చచ్చినా వెయ్యను.