గరిటమ్మ అనుమానించిన సూపు

ఆదివారం మధ్యాహ్నం సూపు మొదటి చెంచా నోట్లో పెట్టుకోగానే గరిటమ్మ చెయ్యి ఆగింది. రెండో చెంచా తీసుకుని నాలుక మీద అటూ ఇటూ తిప్పి మింగింది. మూడోది తీసుకోలేదు. గిన్నె పక్కకు జరిపి కోడలి వంక చూసింది.

"ఏమేం వేశావమ్మాయ్ ఇందులో?"

"ఏముందత్తయ్యా, శనగలు, క్యారెట్, కాబేజీ, టమాటా. మీరు తరిగిచ్చినవే."

"అవన్నీ నేనూ వేశాను. ముప్పై ఒక్కేళ్లు వేశాను. ఈ రుచి ఒక్కనాడూ రాలేదు."

"బాగుందని ఒక మాటనొచ్చు కదమ్మా, నోరేం అరిగిపోదు," అన్నాడు కొడుకు.

"బాగుందిరా. ఆ బాగుండటమే నాకు నచ్చలేదు."

కొడుకు నవ్వాడు. కోడలు నవ్వలేదు. నవ్వకపోవడం గరిటమ్మ కంట పడింది.

గరిటమ్మ అనేది ఆవిడకు బట్టల మిల్లు క్యాంటీన్ పెట్టిన పేరు. చదివింది ఊరి బళ్లో ఐదో తరగతే. అయినా ఇరవయ్యో ఎక్కం నిద్రలో లేపి అడిగినా తడుముకోకుండా చెబుతుంది. గిన్నెలు మోయడానికి క్యాంటీన్లో చేరి, ఆరేళ్లు తిరక్కుండా పెద్ద వంటమనిషి అయింది. పూటకు నాలుగువందల ఇరవై మందికి వండింది. గ్యాసు బండి రాక మూడు రోజులు అందరూ చేతులెత్తేస్తే, పెరట్లో మూడు రాళ్లు పెట్టి విరిగిన పెట్టెల చెక్కతో వండి, గంట కొట్టే వేళకు వడ్డించింది. ఒకసారి చిక్కుడు గింజల లారీ గేటు దాటకముందే ముక్కు ఎగబీల్చి "ఇవి పుచ్చులు" అంది. బస్తా కోసి చూస్తే పురుగు లుకలుకలాడింది. మిల్లుల వంటల పోటీలో పదకొండు మంది మగ వంటవాళ్లను పక్కకు నెట్టి కప్పు గెలిచింది. గెలిచింది దేంతోననుకున్నారు? కూరగాయల సూపుతోనే. ఆ కప్పు ఇప్పుడు ఫ్రిజ్ మీద ఉంది. కోడలు అందులో బట్టల క్లిప్పులు వేసుకుంటుంది. అదొక బాధ.

అంతటి మనిషికి కూరగాయల సూపులో ఏం రుచి వస్తుందో, ఏం రాదో తెలియదా? ఈ సూపులో కూరగాయలకు లేని లోతు ఉంది. ఎముకలు ఉడికించిన నీళ్లకు మాత్రమే ఉండే లోతు.

అదీ ఆవిడ అనుమానం. చిన్న అనుమానం కాదు. పంతొమ్మిదేళ్ల క్రితం మిల్లు బాయిలరు దగ్గర పనిచేసే భర్తకు ఒళ్లు చెడితే, మాంసం ముట్టొద్దన్నాడు డాక్టరు. ఆయన చప్పిడి పప్పు తింటుంటే ఎదురుగా కూర్చుని ముక్కలు కొరకడానికి మనసొప్పక తనూ మానేసింది. రెండేళ్లకు ఆయన ఆసుపత్రి మంచం మీద, "నేను పోయాకైనా తినవే, నీకు ఇష్టం కదా," అన్నాడు. "ఇంక ముట్టను. మాటిస్తున్నా," అంది. ఆయన వద్దు వద్దంటున్నా చేతిలో చెయ్యి వేసి మరీ ఇచ్చింది ఆ మాట. ఇంట్లో ఇప్పుడు అందరిదీ దాదాపు ఆకూ కూరల తిండే. కొడుకూ కోడలూ నెలకోసారి తినాలనిపిస్తే బయట తినొస్తారు. ఇంటి పొయ్యి మీదకు మాత్రం మాంసం ఎక్కకూడదు. ఎక్కిందంటే, తెలియకుండానే ఆ మాట తన గొంతులోంచి జారి కడుపులో పడిపోయినట్టే.

మోకాళ్లు మొరాయించి రెండు నెలలుగా పొయ్యి కోడలి చేతికి వెళ్లింది. గరిటమ్మ నడవగలదు గానీ ఎక్కువసేపు నిలబడలేదు. అందుకని తరగడం, బజారు చేయడం తన దగ్గరే ఉంచుకుంది. రోజూ పొద్దున బల్ల దగ్గర కూర్చుని, పాత పేపరు పరిచి, కత్తి పడుతుంది. క్యారెట్ తల బొటనవేలి మందాన ఏటవాలుగా ఎగిరిపోవాల్సిందే. పుట్టగొడుగు కాడ మొదలంటా పోవాలి. కాబేజీ మొదలు, టమాటా తొడిమ చుట్టూ గట్టిభాగం, ఉల్లిపాయ పైపొర, అన్నీ పోవాలి. "ఇంత మందంగా కోస్తావేంటి?" అని క్యాంటీన్ మేనేజరు గొణిగితే, "పిసినారి కోత నాకు చేతకాదు," అని ఆయన మొహమ్మీదే చెప్పింది.

తరగడం అవగానే కోడలు వచ్చి పేపరు నాలుగు మూలలూ కలిపి ఎత్తుకుంటుంది. "చెత్త నేను పడేస్తానత్తయ్యా, మీరు లేవకండి." ఇన్నాళ్లూ అది మర్యాద అనుకుంది. ఇప్పుడు అందులోనూ ఏదో ఉందనిపించింది.

సోమవారం పొద్దున చెత్తబుట్ట మూత ఎత్తింది. టీపొడి, ఒక చిత్తుకాగితం. అంతే. మంగళవారం ఎత్తింది. అంతే. చెత్తబుట్ట ఇంత శుభ్రంగా ఉందంటే ఎవరో గంటగంటకూ ఖాళీ చేస్తున్నారన్నమాట. ఎముకలు కనబడకూడదనే కదా! కోడలు తెలివైనదే. తల్లి పోలిక మరి.

ఆ తల్లి గరిటమ్మకు కొత్త మనిషి కాదు. అదే క్యాంటీన్లో గిన్నెలు తోమేది. కొడుకు ఏరికోరి చేసుకున్న సంబంధం. వియ్యపురాలు పెళ్లికి ముందే కన్నుమూసింది. బతికున్న రోజుల్లో సాయంత్రం వెళుతూ తరిగిన తుక్కంతా ఒక బకెట్టులో వేసుకుని పోయేది. మేకలకు అనేది. ఆ బకెట్టు మీదా గరిటమ్మకు అప్పట్లో అనుమానమే. అది వేరే కథ.

బజారు రోజు కోడల్ని వెంటబెట్టుకుని వెళ్లింది. ఎప్పటిలాగే పాఠం చెబుతూనే ఉంది, కళ్లు మాత్రం కోడలి మీదే. "కాబేజీ చూసి కొనకు, ఎత్తి కొను. చిన్నదైనా చేతికి బరువు తగలాలి. పుట్టగొడుగు బోర్లించి చూడు, గొడుగు కింద మూసుకుని ఉంటే నిన్నటిది, విచ్చుకుంటే మొన్నటిది. శనగలు పాతబడితే రాత్రంతా నానబెట్టినా రాళ్లే, గింజ ముడతల్లో దుమ్ము చూడు. నలిగిన టమాటాలు విడిగా పెట్టాడు చూశావా? ఉడికించేదానికి అవే తీసుకో, పండినవాటికే రుచి. ఉల్లి, బంగాళాదుంప ఒక్క బుట్టలో పోస్తే రెండూ మొలకలొస్తాయి. ఏంటి, వింటున్నావా?"

"వింటున్నానత్తయ్యా. మీరు నడుస్తూ ఉండండి, నేను ఒక్క నిమిషంలో వస్తాను."

ఒక్క నిమిషం! గరిటమ్మ నడిచినట్టే నడిచి మలుపు దగ్గర ఆగి వెనక్కి చూసింది. కూరగాయల కొట్టుకూ మాంసం కొట్టుకూ మధ్య సందులోంచి కోడలు బయటికొచ్చింది. చేతిలో నల్ల సంచి. అటూ ఇటూ చూసి దాన్ని పెద్ద సంచి అడుక్కి తోసింది.

కోడల్ని ఇంటికి పంపించి గరిటమ్మ తిన్నగా మాంసం కొట్టు మెట్లెక్కింది. పంతొమ్మిదేళ్ల తర్వాత ఎక్కడం.

"బాబూ, మా కోడలు నీ దగ్గర ఎముకలు తీసుకుంటుందా?"

"మీ కోడలా? ఆవిడ ఒక్కనాడూ నా గడప తొక్కలేదు పెద్దమ్మా. మీ ఇంటిని నమ్ముకుంటే నేను కొట్టు మూసుకోవాలి. అందరూ ఆకులూ అలములూ తినేవాళ్లేనాయె!"

అడిగీ అడగ్గానే చెప్పేశాడు. నిజం చెప్పేవాడు కాసేపైనా గుర్తు తెచ్చుకోడూ?

"అడిగితే ఇలా చెప్పమందా?"

"ఎవరు పెద్దమ్మా?"

"సరేలే," అని దిగొచ్చింది.

మర్నాడు కోడలు స్నానానికి వెళ్లగానే ఫ్రీజర్ తెరిచింది. మంచు పళ్లెం వెనకాల, మూతి రెండు ముళ్లు వేసిన నల్ల సంచి. పైనుంచి తడిమింది. రాయిలా గడ్డకట్టి ఉంది. లోపల జానెడు పొడవున కర్రల్లాంటివి, ఒక కొస లావుగా, ఒక కొస సన్నగా. లెక్కపెడితే నాలుగు తగిలాయి. కాళ్ల ఎముకలు కాక ఏమిటివి? విప్పలేదు. విప్పి కళ్లారా చూస్తే ఇంక సర్దిచెప్పుకోవడానికి ఏమీ మిగలదు. మళ్లీ ఎలా ఉన్నదలా పెట్టేసి, నాలుగు రోజులు పెరుగూ రొట్టెతో గడిపేసింది. అరగడం లేదంది.

ఆదివారం కొడుకు ఇంట్లో ఉండగా సంచి తెచ్చి భోజనాల బల్ల మీద ఠంగుమని పడేసింది.

"విప్పమను దీన్ని."

కోడలి మొహం పాలిపోయింది. "అత్తయ్యా, అది..."

"నా నోట్లో పోసేటప్పుడు లేని మొహమాటం ఇప్పుడెందుకు?" అని కొడుకు వైపు తిరిగింది. "మీ నాన్నకు నేనేం మాటిచ్చానో నీకు తెలుసు కదరా? నువ్వూ కలిశావా దీనితో?"

"నేనేం కలిశానమ్మా! అసలు అదేంటో నాకు తెలిస్తే కదా!"

కోడలు ముళ్లు విప్పింది. సంచి మూతి వెడల్పు చేసి బల్ల మీద బోర్లించింది. మంచు పొడి రాలింది. దాంతోపాటు గింజలు ఒలిచేసిన మొక్కజొన్న కండెలు దొర్లాయి, నాలుగే. వాటి చుట్టూ పుట్టగొడుగు కాడలు, టమాటా తొడిమ ముక్కలు, ఉల్లిపొరలు, బఠానీ తొక్కలు, క్యారెట్ తలలు.

గరిటమ్మ ఒక క్యారెట్ తల తీసి కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. బొటనవేలి మందం, ఏటవాలు కోత. ఆ కోత ఈ లోకంలో ఒక్కరిదే.

"ఇది నేను పారేసిన చెత్త!"

"అవునత్తయ్యా. కడిగి ఇందులో దాస్తాను. సంచి నిండాక చన్నీళ్లలో వేసి ముప్పావుగంట సన్నమంట మీద ఉడికించి వడకడతాను. ఆ నీళ్లతోనే సూపు. కండెలు మాత్రం కూరగాయల కొట్టాయన ఇస్తాడు, గింజలు ఒలిచి ప్యాకెట్లు కట్టుకుంటాడుగా. చెబితే చెత్త వండి పెట్టావా అంటారని..." బల్ల మీద రాలిన మంచు పొడి చేత్తో తుడిచింది. "మా అమ్మ నేర్పింది."

"మీ అమ్మకెలా తెలుసు? ఆవిడ మేకలకు కదా పట్టుకెళ్లేది?"

"మాకు మేకలెక్కడివత్తయ్యా? నాలుగో అంతస్తులో ఒక్క గది. నలుగురు పిల్లలం."

కొడుకు తల వంచుకున్నాడు. గరిటమ్మకు ఆ సాయంత్రం కళ్ల ముందు నిలబడింది. బంగాళాదుంపలు దాచుకుపోతోందన్న అనుమానంతో, క్యాంటీన్ అంతా చూస్తుండగా, తన పెద్ద గరిటె ఆ బకెట్టులో దూర్చి అడుగుదాకా కెలికింది. తుక్కు తప్ప ఏమీ తగల్లేదు. గిన్నెలు తోమే ఆవిడ కిక్కురుమనకుండా బకెట్టు తీసుకుని వెళ్లిపోయింది. తన ఘనకార్యాలు చెప్పుకునేటప్పుడు గరిటమ్మ ఇది ఎప్పుడూ చెప్పుకోలేదు.

"మీరు గరిటెతో కెలికాక వారం రోజులు అమ్మ బకెట్టు తేలేదు," అంది కోడలు, ఎవరి వైపూ చూడకుండా. "మళ్లీ తెచ్చాక మాత్రం అనేది, గరిటమ్మ కత్తి పట్టిన రోజు బకెట్టు బరువుగా ఉంటుందని. ఆ మందం కోత పుణ్యమా అని మేం నలుగురం పెరిగామనేది."

గరిటమ్మ చేతిలోని క్యారెట్ తలను మళ్లీ గుట్టలో పెట్టింది. గొంతు మాత్రం గీరగానే ఉంది.

"ఈ తుక్కుకు ఆ రుచి వస్తుందని నేను నమ్మను. నా ఎదురుగా చెయ్యి. కుర్చీ లాగరా పొయ్యి దగ్గరకు."

కుర్చీలో కూర్చుని గిన్నెలో పడే ప్రతిదీ చూసింది. నూనె సీసా మూత వాసన చూసింది. ఉప్పు డబ్బాలో వేలు పెట్టింది. కోడలు కాబేజీ మొదలు సగం తీసేస్తే "అదెందుకు దాచావ్?" అంది. ఎక్కువైతే ఘాటు వాసనొస్తుందని కోడలు చెప్పింది. టమాటా గుజ్జును నూనెలో ఇటుక రంగు వచ్చేదాకా వేయించింది. శనగలు నానిన నీళ్లు పారబోసి, ఉడికిన నీళ్లు ఉంచుకుంది. ఇవేవీ గరిటమ్మ ముప్పై ఒక్కేళ్లలో చేయలేదు. కప్పు గెలిచిన రోజు కూడా.

కోడలు గిన్నెలో సూపు పోసింది. గరిటమ్మ మొదటి చెంచా తీసుకుంది. అదే లోతు. అదే రుచి. ఆసుపత్రి మంచం పక్కన ఇచ్చిన మాట చెక్కుచెదరలేదు. అడుగంటా తాగి గిన్నె ముందుకు తోసింది.

"ఇంకాస్త పొయ్యి."

పోస్తున్న కోడలి మొహం చూడకుండా, "మీ అమ్మ ఆ రోజు నా మొహాన ఒక్క మాట అనాల్సింది," అంది. "అనుంటే బంగాళాదుంపలే వేసి పంపేదాన్ని."

"అన్నట్టయితే నమ్మేవారా అత్తయ్యా?"

గరిటమ్మ ఆలోచించింది. "నమ్మేదాన్ని కాదు," అంది.

మర్నాడు పొద్దున పేపరు పరిచి కత్తి పట్టింది. క్యారెట్ తల మీద కత్తి పెట్టి, ఆగి, ఇంకో వేలెడు వెనక్కి జరిపి కోసింది. పుట్టగొడుగు కాడతో పాటు గొడుగూ కొంచెం పోనిచ్చింది. కోడలు పేపరు ఎత్తుకెళుతుంటే వెనకనుంచి కేకేసింది.

"ఏడు క్యారెట్ తలలున్నాయి అందులో, లెక్కపెట్టాను. ఏడూ గిన్నెలో పడాలి. నేను చూస్తూనే ఉంటా!"