వియ్యపురాలి పుట్టింటి కిటికీ

శనివారం పొద్దున ఏడున్నరకి ఎడిసన్ స్టేషన్ దగ్గర మమ్మల్ని దింపుతూ మా అమ్మాయి నిత్య, "అమ్మా, కేరల్ చెయ్యి వదలకు. స్టెప్స్ దగ్గర స్లోగా వెళ్ళు, ఓకే?" అంది. కేరల్ దాని అత్తగారు, నాకు వియ్యపురాలు. కంటి జబ్బు వల్ల ఆవిడ చూపు మధ్యలో మసక కమ్ముతోంది, నానాటికీ పెరుగుతోంది. చూపుండగానే వాళ్ళమ్మ పుట్టింటి గుర్తుని కళ్ళారా చూడాలని ఆవిడ కోరిక. హడ్సన్ నది ఒడ్డున ఓ ఊరి చర్చిలో, పాత కుటుంబాల గుర్తులన్నీ డాళ్ళ మీద గీసిన రంగు గాజు కిటికీ ఉందట. మనకి ఇంటిపేరు ఎలాగో వాళ్ళకి ఆ బొమ్మ అలాగ. కొడుకు డ్రైవ్ చేస్తానంటే ఆవిడ వద్దంది. "వడీనాతో ట్రైన్‌లో వెళ్తా" అంది. 'వదినా' అనడం నేనే నేర్పాను. మిగతాదంతా ఇంగ్లీషే, నేనే తెలుగులో రాస్తున్నాను.

రైల్లో ఎదుటి సీట్లో ఓ తెలుగబ్బాయి. "ఆంటీ, సాటర్డే కూడా ఆఫీసేనా?"

"కాదు బాబూ, పుట్టింటికి."

"ఎడిసన్ నుంచి ట్రైన్‌లోనా!"

"నా పుట్టింటికి కాదులే, ఈవిడ పుట్టింటికి."

అతను కేరల్ తెల్లజుట్టు చూసి, నన్ను చూసి, మళ్ళీ ఫోన్లోకి తల దూర్చాడు.

న్యూయార్క్‌లో సబ్‌వే మారి గ్రాండ్ సెంట్రల్ చేరి, హడ్సన్ ఒడ్డునే వెళ్ళే రైలెక్కాం. వెళ్ళేవాళ్ళకి ఓ మాట: ఎడమవైపు కిటికీ పక్కన కూర్చోండి, దారిపొడవునా నదే. పులిహోర డబ్బా తీసి, ఆవిడ కోసం ఎండుమిరపకాయలు ఏరి పక్కన పెట్టాను. సరిగ్గా వాటిలోదే ఒకటి తీసి నోట్లో వేసుకుంది మహాతల్లి! కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, "మీ ఇంటి గుర్తు ఇదేనా?" అంది.

తర్వాత సంచిలోంచి వాళ్ళమ్మ ఇచ్చిన వెండి చెంచా తీసింది. కాడ మీది బొమ్మ వాడి వాడి అరిగిపోయి, చేతికి మూడు బుడిపెలే తగులుతున్నాయి. వాళ్ళమ్మ మేనత్తని ఆ ఊరికి ఇచ్చారట. "రెండు సగాల డాలులో ఎడమ సగం మనది అనేది అమ్మ."

పదకొండున్నరకి చర్చికి చేరాం. తాళం తీసిన పెద్దావిడ, కింది పేర్లు ఎప్పుడో రిపేరులో పోయాయంది. నిలువుగా రెండు సగాలున్న డాలు మాత్రం ఒక్కటే ఉంది. "అది ఒక జంటది. సగం భర్త ఇంటి గుర్తు, సగం భార్య పుట్టింటి గుర్తు. ఏ సగం ఎవరిదో నాకూ తెలీదు," అంది.

"ఎడమ సగంలో ఏముంది?" అడిగింది కేరల్.

"ఒక సింహం," అన్నాను.

ఆవిడ చెంచా తడుముకుంది. "ఒక్కటేనా? ఇందులో మూడున్నాయే."

"కుడి సగంలో మూడు పిట్టలున్నాయి వదినా!"

"అమ్మ ఎప్పుడూ ఎడమ అనే చెప్పేది. జాలిపడి నన్ను సంతోషపెట్టకు. ఈ కిటికీలో మేం లేం." ఆవిడ ముఖం చిన్నబోయింది. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పుడు గుర్తొచ్చింది నిత్య పెళ్ళి. తాళి కట్టాక పంతులుగారు అమ్మాయిని పెళ్ళికొడుక్కి ఎడమవైపు కూర్చోబెట్టమంటే, ఎదురుగా నిలబడ్డ ఈ కేరలే "ఎడమవైపే ఉందిగా!" అని వాదన పెట్టుకుంది. ఎడమంటే చూసేవాళ్ళది కాదమ్మా, కూర్చున్నవాళ్ళదీ అని సర్దిచెప్పేసరికి నా తాతలు దిగొచ్చారు.

"వదినా, డాలు పట్టుకున్నవాడు దాని వెనకుంటాడు కదా! వాడి ఎడమ మనకి కుడి. పెళ్ళిలో పంతులుగారు చెప్పిందే. భర్తకి ఎడమవైపు భార్య!"

కేరల్ చెంచా మీది బుడిపెల్ని వేలితో తడిమింది. పైన రెండు, కింద ఒకటి. కిటికీలో పిట్టలూ అంతే. "చూడు," అన్నాను. నేరుగా చూస్తే ఆవిడకి మసకే, చూపు పక్కల్లోనే మిగిలింది. అందుకని పిట్టలు కంటి కొసన పడేలా తల తిప్పి నా ముఖంలోకి చూసింది. అలాగే చూస్తూ ఏడ్చింది. "మూడూ ఎగురుతున్నాయి," అంది. నేనూ ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు.

మూడింటికి తిరుగు రైలు. ఈసారి నది కుడివైపు. కిటికీ సీటు ఇస్తే ఆవిడ వద్దని, నన్నే అందులో కూర్చోబెట్టి నా వైపు తిరిగింది.

"నీ ముఖం తప్ప అన్నీ కనిపిస్తున్నాయి వడీనా. నది, కొండలు, పడవ."

"అదృష్టవంతురాలివి," అన్నాను.

ఇన్నేళ్ళూ ఈవిడని మర్యాదకి చూసుకున్నాననుకున్నాను, అది ప్రేమని ఆ రైల్లోనే తెలిసింది. గ్రాండ్ సెంట్రల్ దగ్గర పడేదాకా తల కదల్చకుండా కూర్చున్నాను.